పునాది కుంగినా సెల్లార్ ఊరినా, ముందు నీళ్ళ దారి చూడండి

గోడ బీట వారగానే సిమెంటు పూసి రంగు వేసేయకండి. ఇటుకల కీళ్ళ వెంట మెట్లుమెట్లుగా పాకి, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే బీటయితే ఆ మూల పునాది దిగుతోందని అనుమానించాలి. వెంట్రుకవాసి గీతలు సాలెగూడులా అల్లుకుని ఉంటే చాలావరకు పై పూత పగుళ్ళే. తేల్చుకోవడానికి బీట దగ్గర పూత గీకి, ఇటుక మీదే అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ళ అతికించి తేదీ రాయండి. బిళ్ళ చిట్లిందంటే గోడ ఇంకా కదులుతోంది. నేల నల్లరేగడయితే తడిసి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకుంటుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గమనించనిదే నిర్ణయానికి రావద్దు.

పగిలిన డ్రైనేజీ పైపు, గోడ మొదట్లోనే పడే డాబా నీళ్ళు పునాది కింది మట్టిని మెత్తబరిచి కడుక్కుపోతాయి. అందుకే మొదటి ఖర్చు అక్కడే పెట్టాలి. గోడ నుంచి 3 మీటర్ల దూరం వరకు నేల కనీసం 15 సెంటీమీటర్లు వాలుగా ఉండాలి.

అయినా కుంగడం ఆగకపోతే పునాది కింద కొత్త కాంక్రీటు వేయాలి. దీనికి స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క తప్పనిసరి. గోడ పొడవునా ఒకేసారి తవ్వితే గోడ కూలుతుంది. మీటరు ముక్కలుగా అంకెలు వేసుకుని ముందు 1, 4, 7, అవి గట్టిపడ్డాక 2, 5, 8, చివరికి 3, 6, 9 తవ్వాలి. కొత్త కాంక్రీటును పాత పునాదికి 5–7 సెంటీమీటర్ల దిగువన ఆపి, కనీసం రెండు రోజులు ఆగి, ఆ సందులో 1:3 సిమెంటు ఇసుక మాలు పొడిపొడిగా కూరి దిమ్మిసతో కొట్టాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అరచెయ్యి మాత్రం తడవకూడదు. మాలు పల్చనైతే ఆరి కుదించుకుంటుంది, గోడ మళ్ళీ ఆ మేరకు దిగుతుంది. మేస్త్రీలు తొందరపడేది ఇక్కడే, దగ్గరుండి చూసుకోండి.

ఇక సెల్లార్. గోడకు ప్లాస్టిక్ షీటు అతికించి, అంచులన్నీ టేపుతో మూసి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు చెమ్మ పడితే ఊట, గది వైపు పడితే గాలిలోని తేమ. గాలి తేమకు వాటర్‌ప్రూఫింగ్ ఎందుకు, గాలి ఆడేలా చేస్తే చాలు.

ఊట అయితే లోపలి పెయింటు నిలవదు. బయట మీటరు ఎత్తు నీళ్ళుంటే అడుగున చదరపు మీటరుకు టన్ను బరువుతో తోస్తాయి, పెయింటు బుడగలెత్తి ఊడిపోతుంది. బయట తవ్వి గోడకు నీళ్ళు దిగని పొర వేసి, పునాది అడుగున కంకరలో చిల్లుల పైపు పెట్టడమే మేలు. కంకరను జియోటెక్స్‌టైల్ (నీళ్ళను వదిలి మట్టిని ఆపే) గుడ్డలో చుట్టకపోతే పైపు బురదతో పూడుతుంది.

కాంక్రీటు గోడ బీటలోంచి నీళ్ళు కారుతుంటే పీయూ గ్రౌటింగ్ పనికొస్తుంది, అంటే నీళ్ళు తగిలితే నురగై ఉబ్బే పాలీయూరిథేన్ రసాయనాన్ని బీటలోకి ఎక్కించడం. 20 సెంటీమీటర్ల గోడకు, బీట నుంచి 10 సెంటీమీటర్లు పక్కకు జరిగి 45 డిగ్రీల వాలులో రంధ్రం వేస్తే సరిగ్గా గోడ మధ్యలో బీటను తాకుతుంది. రంధ్రాలు బీటకు అటొకటి ఇటొకటి వేసి, వాటిలో ప్యాకర్లు (రసాయనం ఎక్కించే గొట్టపు మూతులు) బిగించి, కింది నుంచి పైకి ఎక్కించాలి. పై ప్యాకర్‌లోంచి నురగ వచ్చాకే పైకి జరగాలి.

సెల్లార్‌లో ఊట నీళ్ళు చేరే గుంతలో (సంప్‌లో) పంపు పెట్టుకుంటే, వానలకు ముందే రెండు బకెట్ల నీళ్ళు పోసి, పంపును ఆన్ చేసే ఫ్లోట్ (తేలే స్విచ్) లేస్తోందో లేదో చూడండి.