నాన్న పిక్కల నొప్పి

వచ్చే సోమవారం నాన్నకి బైపాస్. ఇవాళ మత్తు డాక్టరు చూడాలన్నారని పొద్దున్నే తెనాలి నుంచి గుంటూరు బయల్దేరాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కూర్చున్నాడు నాన్న.

డాక్టరు చిన్నమ్మాయి. కంప్యూటర్లో యూరోస్కోర్ 2 అని, గుండె ఆపరేషన్‌లో ప్రాణానికి ముప్పు ఎంతో అంచనా కట్టే లెక్క తెరిచి ఒక్కొక్కటే అడుగుతోంది. మెట్లెక్కితే ఆయాసమొస్తుందా అంటే "అబ్బే, ఏం లేదమ్మా" అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా! "సగం మెట్ల దగ్గర ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తారమ్మా."

నా టెన్షనంతా చుట్ట గురించి. చిత్రంగా ఆ లెక్కలో పొగకి గడే లేదు, ఊపిరితిత్తుల జబ్బుకి ఉంది. చుట్ట మానమని మాత్రం విడిగా చీవాట్లు పడ్డాయి.

నేను ధీమాగా ఉన్నది కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ మీద. రిపోర్టులో 1.2, నార్మల్ అనే ఉంది. ఆమె నాన్న వయసు 68, బరువు 56 కిలోలు వేసి చూస్తే కిడ్నీల వడపోత నిమిషానికి 47 మిల్లీలీటర్లే వచ్చింది. 50కి దిగువైతే ఆ లెక్కలో ముప్పు ఎక్కువ.

"నడిస్తే కాళ్ళు నొప్పులా?"

"వయసు కదమ్మా."

మళ్ళీ అమ్మే. చెరువుగట్టు చేరేలోపు రెండుసార్లు పిక్కలు పట్టేసి నిలబడిపోతారని, కాసేపు ఆగితే తగ్గుతుందని చెప్పింది. డాక్టరమ్మ లేచొచ్చి పాదాల మీద నాడి పట్టుకుంది. ఎడమకాలికి చాలాసేపు వెతికింది. కాళ్ళ రక్తనాళాలు కూడా పూడుకున్నట్టున్నాయి, రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీయిద్దాం అంది. ఆ గడిలో టిక్కు పెట్టగానే 1.6 శాతం ఉన్న ముప్పు కాస్తా 2.7 అయింది. రెండేళ్ళుగా ఆ నొప్పికి నేను కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె పంపిస్తున్నాను!

43 దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న 22 వేలమందికి పైగా వివరాలతో కట్టిన లెక్క ఇదని, నాన్నలాంటివాళ్ళు వందమందైతే దాదాపు ముగ్గురు దక్కకపోవచ్చని, ఉజ్జాయింపేనని నెమ్మదిగా చెప్పింది. నాకు గొంతు ఎండిపోయింది.

నాన్న మాత్రం "అంటే మొలక శాతం 97. అంతుంటే విత్తనాల సంచీ విప్పి చూడకుండా కొనేస్తాను" అన్నాడు. అమ్మ నీళ్ళసీసా నింపుకొస్తానని బయటికి వెళ్ళింది. సీసా నిండే ఉంది.

ఊపిరికి మూడు బంతుల గొట్టం ఇచ్చారు. రాత్రి అన్నం తిన్నాక నాన్న దాన్ని గట్టిగా ఊదుతున్నాడు.

"పీల్చాలి నాన్నా, ఊదడం కాదు."

"చుట్ట పీల్చినట్టా?" అని, ఒక్క పీల్పుకి రెండు బంతులు లేపాడు.