హెవీ టెస్టు: ఫోన్‌లో వచ్చేదెంత, క్యాబిన్‌లో వచ్చేదెంత

లారీ, బస్సు లైసెన్సుకు పెట్టే హెవీ టెస్టు పాసయ్యాం, కార్డు రావడమే తరువాయి. శ్రీకాకుళం, విజయనగరం తమ్ముళ్లు అడిగేది ఒక్కటే: ఆన్‌లైన్ క్లాసులు చాలవా, డ్రైవింగ్ స్కూలుకు డబ్బు దండగ కదా?

గుర్తులు, రూల్సు, పేపర్ల సంగతికి ఫోన్ చాలు. రోజుకో అరగంట చాలు, ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీశాక టెస్టుకు ఎలాగూ 30 రోజులు ఆగాలి. ఆ నెల మాత్రం బండి మీదే గడపాలి. ట్రైనింగ్ అయిందని స్కూలు సంతకం చేసిన ఫామ్ 5 చేతికొస్తే చాలనుకునేవాళ్లు, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకు దగ్గర దొరికిపోతారు.

వీడియోలో పెడల్ నొక్కితే బండి ఆగుతుంది, అంతే. క్యాబిన్‌లో ముందు గాలి ఒత్తిడి చూపే గేజీ చూడాలి. ముల్లు ఎర్ర గీత దాటి, బజర్ ఆగేదాకా కదపకూడదు. ఎయిర్ ఫుల్ అయ్యాక చక్రాలకు చెక్కలు పెట్టి, ఇంజన్ ఆపి, పార్కింగ్ లివర్ వదిలి, పెడల్ నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. ముల్లు దిగుతూనే ఉంటే ఎక్కడో లీకు. పైపు జాయింట్ల దగ్గర, బ్రేక్ చాంబర్ల దగ్గర చెవి పెడితే బుస్సుమని వినిపిస్తుంది. వెనక చక్రాల పార్కింగ్ బ్రేకును పట్టేది స్ప్రింగు, వదిలించేది గాలి. గాలి పోతే చక్రాలు వాటంతటవే బిగుస్తాయి. ఇది తెలియక యాక్సిలరేటర్ తొక్కితే క్లచ్ ప్లేటు కాలుతుంది. మన సముద్రపు తేమకు ఎయిర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, రోజూ కింది వాల్వు లాగి వదిలేయాలి.

ఒడిశా నుంచి సాలూరు వైపు సుంకి ఘాటీ (కొండదారి) దిగేటప్పుడు ఇదే చదువు అక్కరకొస్తుంది. లోడుతో ఎక్కే గేరులోనే దిగాలి, ఆ గేరు వాలు మొదలవకముందే పడాలి. పెడల్ మీద కాలు ఆనించే ఉంచితే డ్రమ్ములు వేడెక్కి, వాటిని ఒరుసుకుని ఆపే లైనర్లు పట్టు వదిలేస్తాయి. పెడల్‌ను ఊరికే పంపు కొట్టినట్టు తొక్కితే గాలి అయిపోతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేయడం ప్రాణాలతో చెలగాటం.

రివర్సులో బాడీ అంచు కాదు, అద్దంలో వెనక టైరు చూడండి. గట్టు ఎక్కించేటప్పుడు హాఫ్ క్లచ్ (క్లచ్ సగం వదలడం) పట్టాకే పార్కింగ్ లివర్ వదలండి. ఫెయిలైతే మళ్లీ టెస్టుకు 7 రోజులు ఆగాలి, మూడుసార్లు పోతే 60 రోజులు.

డబ్బు దండగన్నవాళ్లకు ఒక్క మాట: 2021 నిబంధనల్లో గుర్తింపు ట్రైనింగ్ సెంటర్లకు పెట్టిన హెవీ కోర్సు 6 వారాలు, 38 గంటలు. ఊరికే పెట్టలేదు. గంట ఎగ్గొడితే నష్టపోయేది స్కూలు కాదు, మీరే.

టెస్టు రోజు బండి దగ్గరికి ముందే వెళ్లండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (టెస్టు పెట్టే రవాణా శాఖ అధికారి) ఎక్కేసరికి గాలి నిండి ఉండాలి.