నల్లరేగడి మట్టిలో అల్ట్రాసోనిక్ టెస్ట్ – నా ఎంటెక్ ప్రాజెక్ట్ అనుభవం

కాంక్రీటు లోపల పగుళ్లు చూడ్డానికి వాడే అల్ట్రాసోనిక్ పల్స్ మెషీన్‌తో, బాగా కుదించిన మట్టిని కూడా అంచనా వేయొచ్చా అన్నది నా ప్రాజెక్ట్. మట్టి మాత్రం గుంటూరు వైపు నల్లరేగడి.

ముందు మామూలు ప్రాక్టర్ టెస్టే, అంటే మట్టిని మోల్డ్‌లో దంచి, ఏ తేమ దగ్గర ఎంత బాగా కుదురుతుందో చూసేది: 2.6 కిలోల రామర్ (దంచే బరువు), అది పడే ఎత్తు 310 మిల్లీమీటర్లు, మూడు పొరలు, పొరకి 25 దెబ్బలు. ప్రతి పొర పైభాగాన్నీ కత్తితో గరుకుగా గీరాకే పై పొర మట్టి వేయాలి, ఎందుకంటే మధ్యలో సన్నటి గాలి సందు మిగిలినా పల్స్ అక్కడే చచ్చిపోతుంది. మోల్డ్‌లోంచి తీసిన నమూనాని తడి ఆరకుండా వెంటనే పాలిథిన్ కవర్‌లో చుట్టేసేవాణ్ణి.

అసలు కష్టం రీడింగ్ దగ్గర. 54 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లని (పల్స్ పంపేదీ, అందుకునేదీ) రెండు చివరలా గ్రీజు రాసి అదిమితే, పల్స్ నమూనా దాటడానికి పట్టే మైక్రోసెకన్లు నిలకడగా ఉండేవి కావు, చెయ్యి కాస్త వదిలితే అంకె పెరిగేది, గట్టిగా నొక్కితే తగ్గేది. ల్యాబ్‌లో ఎప్పట్నుంచో పనిచేస్తున్న ఒకాయన చూసి, "చేత్తో పట్టుకోకు బాబూ, నమూనాని నిలబెట్టి పైన ప్రతిసారీ ఒకే బరువు పెట్టు" అన్నారు. ఆ తర్వాతే అంకెలు కుదురుకున్నాయి. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నా.

నమూనా పొడవుని ఆ సమయంతో భాగిస్తే పల్స్ వేగం వస్తుంది. తేమ పెంచుకుంటూ పోతే ఈ వేగం కూడా పెరిగి, ఓఎంసీ (మట్టి అన్నిటికంటే బాగా కుదురుకునే తేమ శాతం) దగ్గర్లో గరిష్ఠానికి చేరి, ఆపైన తగ్గింది. అంతవరకూ అనుకున్నదే. కానీ ఓఎంసీకి అటొకటి ఇటొకటి, పొడి సాంద్రత (నీటి బరువు తీసేసి లెక్కేసిన సాంద్రత) దాదాపు సమానంగా ఉన్న రెండు నమూనాలు తీసుకుంటే వేగం ఒకటి కాదు! పొడి వైపుదానిలో, అంటే ఓఎంసీ కంటే తక్కువ తేమ ఉన్నదానిలో, పల్స్ వేగంగా వెళ్లింది. తక్కువ తేమలో బంకమట్టి రేణువులు అడ్డదిడ్డంగా ఒకదానికొకటి ఆనుకుని బిగిసి ఉంటాయి, తేమ ఎక్కువైతే ఒకే వరుసలో పడుకుని ఆ బిగువు పోతుంది. సాంద్రత ఒక్కటే చూస్తే ఈ తేడా కనపడదు, నాకు ఈ పద్ధతి మీద గౌరవం కలిగింది ఇక్కడే.

ఒక్క జాగ్రత్త. నానబెట్టి పూర్తిగా తడిసిన నమూనా మీద వేగం చూసి గట్టిదనుకోవద్దు, నీళ్లలోనే పల్స్ సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది. నేనైతే వేగం కొలిచిన వెంటనే ఆ నమూనాకే యూసీఎస్ (పక్కల ఆసరా లేకుండా పైనుంచి నొక్కి బలం కొలిచే టెస్ట్) చేసి, రెండూ ఒకే గ్రాఫ్ మీద పెట్టాను. మీరు చేసేటప్పుడూ అలాగే చేయండి, వైవాలో అడిగే మొదటి ప్రశ్న అదే.