పన్నెండు వారాలకొక సూది: నా అనుభవం

నాకిప్పుడు 63 ఏళ్లు. పాలమూరు బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చివరి రోజుల్లోనే ఒంట్లో తేడా మొదలైంది. మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీలో తల వాలిపోయేది. బియ్యం బస్తా పక్కకు జరిపితే చాలు, తొడలు వణికేవి. వీటన్నిటికంటే చెప్పుకోలేనిది మరొకటి ఉంది. భార్య మీద ప్రేమ తగ్గలేదు, కోరిక మాత్రం చల్లారిపోయింది. ఆ మాట ఆమెతో చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఆమె లోపం తనలోనే ఉందనుకుంది. "నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా అండీ?" అని ఒక రాత్రి అడిగాక గానీ నా మౌనం ఆమెను ఎంత బాధపెట్టిందో నాకు తెలియలేదు.

సిగ్గు కొద్దీ, తెలిసిన డాక్టరు దగ్గరికి పోకుండా నగరంలో ఒక క్లినిక్‌కు వెళ్లాను. సాయంత్రం నాలుగింటికి రక్తం తీశారు. మగవారి హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ 268 వచ్చింది. 300 కంటే తక్కువ ఉంది కాబట్టి మందు కావాలన్నారు, ఆ రోజే సూది వేశారు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి గురించి అడగలేదు. నాకు పదేళ్లుగా షుగరు ఉందని చెబితే తల ఊపి ఊరుకున్నారు. మూడు వారాలకొక సూది. వేసిన మొదటి వారం ఒళ్లు తేలికపడేది, మూడో వారానికి మళ్లీ నీరసం, చిరాకు. ఇలా ఐదు నెలలు డబ్బూ, ఆరోగ్యమూ రెండూ పోగొట్టుకున్నాను. ఈ విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

చివరికి నా షుగరు డాక్టరే గట్టిగా మందలించి హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమెకు మా అమ్మాయి వయసే ఉంటుంది. "సార్, ఈ పరీక్ష ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య పరగడుపున చేయాలి. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు తక్కువ వస్తేనే లెక్క" అన్నారు. అయితే వెంటనే చేయడానికి వీల్లేదు. బయటి నుంచి మందు వస్తుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆదేశం పంపడం మానేస్తుంది, లోపలి ఉత్పత్తి ఆగిపోతుంది. వీర్యకణాలు కూడా పడిపోతాయి. పిల్లలు కావాలనుకునే వయసు వారు ఈ ఒక్క సంగతి తెలియకుండా సూది వేయించుకోకూడదు. నాకైతే సూదులన్నీ ఆపి మూడు నెలలు ఆగమన్నారు. ఆ మూడు నెలలు మొదటికంటే అన్యాయంగా గడిచాయి.

తర్వాత రెండు ఉదయాల పరీక్షల్లో 221, 234 వచ్చాయి. థైరాయిడ్, పిట్యూటరీ నుంచి వచ్చే ప్రోలాక్టిన్ అనే హార్మోన్ బాగున్నాయి. షుగరు, 91 కిలోల బరువు కారణాలు కావచ్చని, ముందు బరువు తగ్గమన్నారు. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. అంకె 252కు చేరింది గానీ నీరసం వదల్లేదు. అప్పుడు ప్రోస్టేట్ జబ్బును సూచించే పీఎస్‌ఏ, రక్తపరీక్షలు చేసి మందు సంగతి మాట్లాడారు.

మా అన్నయ్య గుండెపోటుతో పోయాడు. అందుకే నేను మొదట అడిగింది గుండె గురించే. గుండె జబ్బు ఉన్నవారు, వచ్చే అవకాశం ఉన్నవారు ఐదు వేల మందికి పైగా పాల్గొన్న ట్రావర్స్ అధ్యయనం 2023లో వెలువడిందని ఆమె చెప్పారు. మందు లేని ఉత్తుత్తి జెల్ రాసుకున్నవారితో పోలిస్తే టెస్టోస్టెరాన్ జెల్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా రాలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. రెండు వైపులా చెప్పినందుకు ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

రోజూ భుజాలకు రాసుకునే జెల్ కూడా ఉంది. రాసుకున్న చోట చర్మం పిల్లలకు తగిలితే మందు వాళ్లకు అంటుకుంటుంది. రెండేళ్ల మా మనవరాలు నా భుజం మీదే నిద్రపోతుంది. ఇక ఆలోచించే పని లేకపోయింది, సూదే అన్నాను.

నాలుగు మిల్లీలీటర్ల మందు, చిక్కగా, లేత పసుపు రంగులో ఉంది. సిస్టర్ ఆ సీసాను అరచేతుల మధ్య దొర్లిస్తూ వేడెక్కించింది. ఎందుకమ్మా అంటే, "ఆముదంలో కలిపిన మందు సార్, చల్లగా ఉంటే సూదిలోంచి దిగదు" అంది. మా నాన్న నాలుగెకరాల్లో ఆముదాలు వేసేవారు. చిన్నప్పుడు నెలకొకసారి అమ్మ ముక్కు మూసి తాగించిన ఆముదం గుర్తొచ్చి, భయం సగం పోయింది. పిరుదులో లోతుగా, రెండు నిమిషాలు పట్టేలా మెల్లగా ఎక్కించింది. తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టారు. నూనె చుక్క రక్తనాళంలోకి జారి ఊపిరితిత్తులకు చేరితే దగ్గు, ఆయాసం రావచ్చట. నాకు రాలేదు. రెండోది ఆరు వారాలకు, తర్వాత పన్నెండు వారాలకొకటి.

నెల తిరగకముందే కోరిక మేల్కొంది. మూడో నెలకు మధ్యాహ్నపు మగత తగ్గింది. మతిమరుపు మాత్రం అలాగే ఉంది, షుగరు మాత్రలూ అలాగే ఉన్నాయి. ఇది పాతికేళ్ల వయసును తెచ్చే మందు కాదు.

తొమ్మిదో నెలలో రక్తం చిక్కబడింది. రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంత శాతమో చెప్పే పీసీవీ 55 వచ్చింది. 54 దాటితే ఆపాల్సిందేనని డాక్టరమ్మ సూది నిలిపేశారు. కారణం వెతుకుతూ నిద్ర గురించి అడిగారు. బాగానే పడుతుందన్నాను. అప్పుడు నా భార్య, "గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోతుందమ్మా. నేను భుజం కదిపితే మళ్లీ తీసుకుంటారు" అంది. ఎన్నాళ్లుగా అని అడిగితే, నాలుగేళ్లయిందని చెప్పింది. నాతో ఒక్కనాడూ అనలేదు. నేను దాచినట్టే ఆమె కూడా తన భయాన్ని దాచుకుంది.

నిద్ర పరీక్షలో స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు అని తేలింది. రక్తం చిక్కబడడానికి అదీ ఒక కారణమే, పగటి నీరసంలో దాని వాటా కూడా ఉందన్నారు. ఇప్పుడు రాత్రిపూట మాస్కు ద్వారా గాలి నెట్టే సీప్యాప్ యంత్రం పెట్టుకుంటున్నాను. నాలుగు నెలల్లో పీసీవీ 48కి దిగింది, సూది మళ్లీ మొదలైంది. ఈసారి పద్నాలుగు వారాలకొకటి. రిపోర్టుల ఫైలు నా భార్య చేతిలోనే ఉంటుంది. డాక్టరమ్మ గదిలోకి ఇద్దరం కలిసే వెళుతున్నాం.