ఆదివారం క్లాసు, ఆరు రోజుల అభ్యాసం

"స తు దీర్ఘకాల నైరంతర్య సత్కారాసేవితో దృఢభూమిః" (పతంజలి యోగసూత్రాలు, మొదటి అధ్యాయమైన సమాధిపాదం 14)

అభ్యాసం గట్టిపడడానికి పతంజలి మూడు షరతులు పెట్టాడు. చాలాకాలం చెయ్యాలి, మధ్యలో తెగకుండా చెయ్యాలి, ఆదరంతో చెయ్యాలి. ఆదివారం ఆదివారం యోగా క్లాసుకు వెళ్లేవాళ్లలో మొదటిదానికీ మూడోదానికీ పెద్దగా లోటుండదు. ఏళ్ల తరబడి వచ్చేవాళ్లున్నారు, తలస్నానం చేసి బొట్టు పెట్టుకుని భక్తిగా వచ్చేవాళ్లున్నారు. చిక్కంతా రెండోదానితోనే. సోమవారం నుంచి శనివారం దాకా చాప విప్పరు. ఆ బాకీ అంతా ఒక్కపూటలో తీర్చేద్దామని ఆదివారం 24 సూర్యనమస్కారాలు లాగిస్తారు. మంగళవారానికి నడుము పట్టేస్తుంది, పై ఆదివారం క్లాసు ఎగిరిపోతుంది.

కాబట్టి వారపు సాధనకు లెక్క వేసుకునేటప్పుడు ముందు ఆ ఆరు రోజుల సంగతి చూడాలి. రోజుకు 20 నిమిషాలు చాలు: నెమ్మదిగా 3 ఆవృత్తుల సూర్యనమస్కారాలకు 6 నిమిషాలు, ఆ వారానికి ఎంచుకున్న ఒకే ఆసనానికి 5, నాడీశోధనకు (ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసుకోవడం) 5, కళ్లు మూసుకుని ఊరికే కూర్చోవడానికి 4. ఆదివారం 75 నిమిషాలు పెట్టుకోవచ్చు. ప్రార్థన 5, కీళ్ల కదలికలు 10, సూర్యనమస్కారాలు 15, ఆసనాలు 20, శవాసనం 10, ప్రాణాయామం 10, మౌనంగా కూర్చోవడం 5. భోజనం చేసి కనీసం 3 గంటలు గడవాలి. ఇడ్లీ తిని గంటలో ముందుకు వంగితే తేన్పులు తప్ప వేరే ఫలం ఉండదు.

ప్రార్థనకు "యోగేన చిత్తస్య పదేన వాచాం" శ్లోకం చాలామందికి వచ్చు. అది చెప్పుకుని, ఆ వారపు భావన ఏమిటో ఒక్క వాక్యంలో మనసులో అనుకోవాలి. ఒక్క వాక్యమే. గురువుగారు పావుగంట ఉపన్యాసం ఇస్తే ఒళ్లు చల్లబడిపోతుంది, వినేవాళ్లకు చివరికి ఏదీ గుర్తుండదు.

భావనలకు ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. యోగసూత్రాల రెండో అధ్యాయమైన సాధనపాదంలో యమాలు (మానుకోవాల్సినవి) అయిదు, నియమాలు (పాటించాల్సినవి) అయిదు ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున పది వారాలు. దీనికి ఒక అభ్యంతరం రావచ్చు, అది న్యాయమైనదే. యమాలు దేశకాలాలకు కట్టుబడనివని, అందుకే అవి మహావ్రతమని 31వ సూత్రం చెబుతోంది కదా, మరి "ఈ వారం అహింస" అనడమేమిటి? వారంగా విడదీసింది చూపు నిలపడానికి మాత్రమే. సత్యం వారం వచ్చిందని అహింసకు సెలవు ఇచ్చినట్టు కాదు.

అహింసతో మొదలుపెట్టాలి. తక్కిన యమనియమాలకు అదే మూలమని యోగసూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం అంటుంది. ఆ వారానికి ఆసనం కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం, ఎందుకంటే ఒంటిమీద మనం చేసే హింస దాంట్లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. తొడల వెనక కండరాలు బిగుసుకున్నవాళ్లు కాళ్లు చాపి కూర్చుంటే కటి వెనక్కి వాలిపోతుంది, నడుము గుండ్రమవుతుంది. అలాగే వంగి బొటనవేళ్లు అందుకుంటే వంపు తుంటి దగ్గర పడాల్సింది నడుము కింది పూసల మీద పడుతుంది. పిరుదుల కింద 2, 3 అంగుళాల మందాన దుప్పటి మడత పెట్టండి. మోకాళ్లు కొద్దిగా వంచండి. చేతులు అందకపోతే పాదాలకు తువ్వాలు వేసి పట్టుకోండి. ముందు బొడ్డు తొడలవైపు కదలాలి, తల అన్నిటికన్నా చివర. నుదురు మోకాలికి తగలడం ఇక్కడ లెక్కలోకే రాదు.

ఎంతవరకు వంగాలన్నదానికి కొలత కూడా పతంజలి దగ్గరే దొరుకుతుంది. సమాధిపాదం 31వ సూత్రంలో చిత్తవిక్షేపంతో (మనసు చెదరడంతో) పాటు వచ్చేవాటిని చెబుతూ దుఃఖం, దౌర్మనస్యం తర్వాత అవయవాలు వణకడం, ఉచ్ఛ్వాస నిశ్వాసలు అదుపు తప్పడం అన్నాడు. ఆ చివరి రెండూ చాప మీద కంటికి కనిపించేవే. వంగి ఉన్నప్పుడు ముక్కుతో 5 శ్వాసలు సమంగా తీసుకోగలగాలి. ఊపిరి బిగబట్టాల్సి వచ్చినా, దవడ బిగుసుకున్నా ఒక అంగుళం వెనక్కి రావాలి. ఆ అంగుళమే ఆ వారం పాటించిన అహింస. మిగిలిన పొద్దంతా కోపం వచ్చినప్పుడు కూడా అదే గుర్తు పట్టవచ్చు: ముందు ఊపిరి మారుతుంది, మాట ఆ తర్వాత తూలుతుంది.

సత్యానికి త్రికోణాసనం, అంటే కాళ్లు ఎడం చేసి నిలబడి పక్కకు వంగడం. చెయ్యి నేలకు తగిలించాలని తుంటిని వెనక్కి తోసి, ఛాతీని నేలవైపు తిప్పేస్తుంటారు. అది అబద్ధపు త్రికోణం. చెయ్యి పిక్క మీద ఆపి, రెండు భుజాలూ ఒకే గీతలో ఉంచితే ఉన్న మాట చెప్పినట్టు.

అస్తేయం అనగానే మనం దొంగలం కాదుగా అనుకుంటాం. క్లాసులో అన్నిటికన్నా ఎక్కువగా దొంగతనానికి గురయ్యేది శవాసనం. ఆలస్యంగా వచ్చినవాళ్లు, ఇంట్లో పనులున్నవాళ్లు కోసేసేది ఆ 10 నిమిషాలనే. తర్వాతిది నిశ్వాస: సూర్యనమస్కారంలో పాదహస్తాసనానికి వంగేటప్పుడు ఊపిరి పూర్తిగా వదలకుండానే కాలు వెనక్కి వెళ్లిపోతుంది. ఈ వారం ఆవృత్తులు సగం చేసినా సరే, ప్రతి నిశ్వాసా దాని చివరిదాకా వెళ్లాలి.

బ్రహ్మచర్యాన్ని గృహస్థులు ఇంద్రియ నిగ్రహంగా తీసుకుంటే ఆచరణకు దొరుకుతుంది. లేచిన గంటదాకా ఫోను ముట్టకపోవడం ఒక్కటే పెట్టుకోండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అపరిగ్రహం వారంలో కొత్త ఆసనం ఒక్కటి కూడా నేర్చుకోకూడదు. వీడియోలు చూసి ఆసనాలు పోగుచేసుకోవడం కూడా పరిగ్రహమే.

నియమాల్లో శౌచం వారానికి జలనేతి (ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం) చేర్చుకోవచ్చు. నీళ్లు మరగకాచి గోరువెచ్చగా చల్లార్చాలి, పంపు నీళ్లు నేరుగా వాడకూడదు. అర లీటరుకు ఒక చిన్న చెంచాడు ఉప్పు, తలకొట్టుగా. ఉప్పు తగ్గినా ఎక్కువైనా ముక్కు మండుతుంది. నోటితో ఊపిరి పీలుస్తూ తల పక్కకు వంచితే పై రంధ్రంలో పోసిన నీరు కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది. చాలామంది తప్పు చేసేది ఆ తర్వాతే. లోపల నీరు మిగిలిపోతే తల బరువెక్కుతుంది. నడుము దగ్గర ముందుకు వంగి, రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి మెల్లగా చీదాలి. ఒకటి మూసి గట్టిగా చీదితే నీరు చెవివైపు పోతుంది. జలుబుతో ముక్కు పూర్తిగా మూసుకుపోయినప్పుడు, చెవినొప్పి ఉన్నప్పుడు వద్దు. మొదటిసారి తెలిసినవాళ్ల ఎదుటే చెయ్యాలి.

సంతోషం వారంలో సంఖ్య పెంచరు, సమయం పెంచరు. చివరి మూడు వారాలు తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం. ఈ మూడింటినీ కలిపి క్రియాయోగమని సాధనపాదం మొదటి సూత్రమే అంటోంది. తపస్సు అంటే ఆ వారం రోజూ ఒకే వేళకు కూర్చోవడం. స్వాధ్యాయానికి ఓంకార జపమో, గీతలో రోజుకో శ్లోకమో. ఈశ్వరప్రణిధానానికి వేరే ఆసనం అక్కర్లేదు. "యత్కరోషి యదశ్నాసి" (గీత 9.27) చదువుకుని, చేసిందంతా అర్పించి శవాసనంలో పడుకోవాలి. ఇక్కడే చాలామందికి నిద్ర పడుతుంది. గురకపెట్టి పడుకోవడం శరణాగతి కాదు. మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించి పడుకుంటే, నిద్ర పట్టగానే మోకాళ్లు ఒరిగి మెలకువ వస్తుంది.

నాడీశోధన గురించి రెండు మాటలు, పది వారాలూ ఉండేది అదే కాబట్టి. కుడిచేతి బొటనవేలు కుడి రంధ్రానికి, ఉంగరపు వేలు ఎడమకు. ఎడమతో 4 అంకెలు పీల్చి కుడితో 6 అంకెలు వదలాలి, మళ్లీ కుడితో పీల్చి ఎడమతో వదిలితే ఒక ఆవృత్తి. అలాంటివి 6. కుంభకం (ఊపిరి బిగబట్టడం) వద్దు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అసలే వద్దు. ముక్కును నొక్కి వంకర చెయ్యకూడదు, వేలు తాకితే చాలు. మోచెయ్యి పైకి లేస్తోందంటే భుజం బిగుసుకున్నట్టే.

ఇంత చెప్పాక హఠయోగ గ్రంథమైన హఠయోగప్రదీపికను కూడా తలుచుకోవాలి. యోగాన్ని చెడగొట్టే ఆరింటిలో అతిగా తినడం, అతిగా శ్రమపడడం, వాగుడుతో పాటు నియమాల పట్ల మూర్ఖపు పట్టుదలను కూడా చేర్చింది (1.15). జ్వరం వచ్చినా చన్నీళ్ల స్నానం చేసి 3 ఆవృత్తులు పూర్తి చేస్తాననేవాళ్ల కోసమే ఆ మాట. పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయాల్లో మొట్టమొదటిది వ్యాధి. జ్వరం ఉన్నన్నాళ్లు ఆసనాలు ఆపి, మంచంమీదే 5 శ్వాసలు గమనించి ఆ వారపు భావన ఒకసారి తలుచుకుంటే తీగ తెగదు. తగ్గాక రెండు రోజులు సగమే చెయ్యాలి. పెళ్లిళ్లు, ప్రయాణాలు వచ్చినా ఇదే లెక్క. నాలుగు రోజులకు మించి పూర్తిగా ఆగిపోతే ఆ వారాన్నే సోమవారం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, తర్వాతి యమానికి దూకకూడదు.

పది వారాలు అయ్యాక తిరిగి అహింస దగ్గరికే, పశ్చిమోత్తానాసనం దగ్గరికే. దుప్పటి ఒక మడత తగ్గించి చూడండి. 5 శ్వాసలు సాఫీగా సాగితే అలాగే కానివ్వండి, సాగకపోతే ఆ మడత మళ్లీ పెట్టుకోండి.