బండి వెనక కూర్చుంటే

రాయచోటిలో పెళ్లి పని ముగించుకొని కడపకు వస్తున్నాం. రాత్రి పదకొండు దాటింది. గువ్వలచెరువు దగ్గర ఎదురొచ్చే ప్రతి లారీ నాకు లైట్లు కొడుతోంది. నేను డిప్‌లోనే ఉన్నా. మూడో లారీ డ్రైవరు తల బయట పెట్టి తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. కోవా అంగడి దగ్గర ఆపి, దిగి చూశా. నా లైట్లు రోడ్డు మీద లేవు, ఎదురుగా ఉన్న చింతచెట్టు కొమ్మల్లో ఉన్నాయి. కూర్చున్న కుక్క మాదిరి బండి వెనక కూలబడి, ముందు మూతి పైకెత్తి ఉంది. డాష్‌బోర్డు మీద లైట్లు దించే చక్రం ఎప్పుడో 3 మీదే పెట్టేశా. ఇంక దించేదానికి లేదు.

నాది లైటింగ్, జనరేటర్ అద్దె పని. పికప్ తొట్టిలో లైట్లు కట్టే ట్రస్సు చట్రాలు, లైట్లు, స్పీకర్లు, కేబుల్ చుట్టలు. వెనక హుక్కుకు జనరేటర్ ట్రాలీ. ఊర్లో తిరిగినంత కాలం ఇబ్బంది తెలియలేదు. రాయచోటి వైపు పెళ్లిళ్లు ఎక్కువయ్యాక గువ్వలచెరువు ఘాట్ మీద తెలిసొచ్చింది. స్టీరింగు మరీ తేలిక. మలుపులో తిప్పితే బండి ఒక క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉండేది.

మరుసటి రోజు టేపు పట్టుకొని కొలిచా. వెనక చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా, ఖాళీ బండికి 20 అంగుళాలు. లోడు వేసి ట్రాలీ తగిలిస్తే 16. ఈ రెండు అంకెలూ డ్రైవరు తలుపు లోపల పెన్నుతో రాసుకున్నా. తర్వాత చేసిన ప్రతి పనికీ అవే కొలబద్ద అయ్యాయి.

మొదట అందరూ చేసేదే నేనూ చేశా. కమాన్ల (వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు) అంగడికి పోయి రెండు వైపులా ఒక్కో పట్టీ ఎక్కించా. లోడుతో పదిహేడున్నర దాకా వచ్చింది, సంతోషపడ్డా. కానీ సామాను దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ప్రతి గుంతకూ బండి గుర్రం మాదిరి ఎగిరేది. వెనక లైటు బల్బులు రెండు వారాలకే ఊడొచ్చాయి. నా పనిలో సగం ప్రయాణం ఖాళీ బండితోనే. పట్టీకి లోడు ఉందో లేదో తెలియదు కదా, అది ఎప్పుడూ ఒకే గట్టిగా ఉంటుంది. రెండు నెలలు ఓర్చుకొని తీసేయించా.

బెంగళూరులో ఉండే మా మేనల్లుడు అప్పుడు చెప్పాడు. "మామా, గాలి నింపే షాకబ్జర్లు ఉన్నాయి. లోడు ఉంటే గాలి కొట్టు, దించినాక తీసేయ్." అమెరికాలో ట్రాలీలు లాగే పికప్‌లకు ఇవి చాలా ఏళ్లుగా వాడుతున్నారు. చూసేదానికి మామూలు షాకబ్జరే, చుట్టూ రబ్బరు తొడుగు ఉంటుంది. టైరుకు ఉండేలాంటి వాల్వు నుంచి సన్నటి గొట్టం ద్వారా ఆ తొడుగులోకి గాలి పోతుంది. గాలి పెరిగే కొద్దీ షాకబ్జరు సాగి బండిని పైకి నెడుతుంది. నేను తెప్పించిన వాటి కాగితంలో 20 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) తగ్గకూడదు, 150 దాటకూడదు అని ఉంది. జత కలిసి 1,100 పౌండ్ల దాకా, అంటే దాదాపు 500 కిలోలు లేపుతాయట. అదే కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంది: ఇవి బండి మోయగలిగే బరువును పెంచవు. చదివా. చదివి పక్కన పెట్టా.

బిగించడం ఒక పూట పని. బండి అడుగు చట్రం (చాసీ) కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు వేలాడేలా వదిలి, పాతవి విప్పి కొత్తవి వేశాం. పూర్తిగా సాగినప్పుడు, పూర్తిగా ముడుచుకున్నప్పుడు పాతదాని పొడవు ఎంతో ముందే కొలిచి తెప్పించాం కాబట్టి సరిపోయాయి. ఆ కొలత లేకుండా ఆర్డరు పెట్టిన మా ఫ్రెండు ఒకడు, తన జతను ఇప్పటికీ అట్టపెట్టెలోనే దాచుకొని ఉన్నాడు.

రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. లోడు వేస్తే 120 దాకా గాలి, దించితే 25. లైట్లు రోడ్డు మీదికి వచ్చాయి. మూడో నెలలో వెనక నుంచి టక్ టక్ అని శబ్దం. మా మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అంటాం. అరవై దాటినా బండి కింద దూరితే గంట సేపు బయటికి రాడు. దూరి, టార్చి వేసి, నన్నూ రమ్మన్నాడు. షాకబ్జరు పై కొస తగులుకునే బ్రాకెట్టు వెల్డింగు దగ్గర వెంట్రుక మందం చీలిక. చుట్టూ తుప్పు అప్పుడే మొదలైంది.

"ఏమబ్బా, షాకబ్జరు ఊపు ఆపేదానికి పెట్నారు గానీ బరువు మోసేదానికా? ఆ బ్రాకెట్టు దేనికి పుట్టిందో తెలుసునా నీకు?"

తప్పు సామానుది కాదు, బ్రాకెట్టుదీ కాదు. కాస్త కుంగిన బండిని సరిచేసే వస్తువును నాలుగు అంగుళాలు కుంగిన బండికి నేను పెట్టాను. బండి బరువు మోయాల్సింది కమాన్లు, అవి చాసీని పట్టుకునే చోట్లు. ఆ బరువులో కొంత తెచ్చి, ఊపు మాత్రమే తట్టుకునే చిన్న బ్రాకెట్టు మీద వేశాను.

ఆయన చెప్పిన దారి గాలి బెలూన్లు. ఆర్టీసీ గరుడ బస్సు స్టాండులో బుస్సుమంటుందే, దాని కింద ఉండే రబ్బరు సంచుల జాతివే, చిన్నవి. చాసీకీ, వెనక చక్రాల ఇరుసు అయిన యాక్సిల్‌కూ మధ్య, పెద్ద గుంతలో ఆ రెండూ కొట్టుకోకుండా అడ్డుపడే బంప్ స్టాప్ రబ్బరు ఉండే చోట కూర్చుంటాయి. అంటే బరువు చాసీ నుంచి నేరుగా యాక్సిల్ మీదికి దిగుతుంది. షాకబ్జరు మామూలుది మళ్లీ తన పనికి తాను వచ్చేసింది. ఈ బెలూన్లకు 5 నుంచి 100 పీఎస్ఐ. ఖాళీగా ఉన్నా 5 ఉండాల్సిందే, లేకపోతే రబ్బరు మడతపడి నలిగిపోతుంది.

ఇక్కడ గొట్టాల సంగతి కొంచెం చెప్పాలి, నేను ఎక్కువ తిప్పలు పడింది అక్కడే. నైలాన్ గొట్టాన్ని మొదట కటింగ్ ప్లేయరుతో కోశాను. కొస నలిగి కోడిగుడ్డు ఆకారంలో అయ్యింది, ఫిట్టింగులో గట్టిగా కూర్చోలేదు. రాత్రి 50 కొట్టి పడుకుంటే పొద్దునకు 20. కొత్త బ్లేడుతో, పలక మీద పెట్టి, నిలువుగా ఒకే వేటుకు కోస్తే సరిపోయింది. ప్రతి జాయింటు మీదా సబ్బు నీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. గొట్టం సైలెన్సర్‌కు దూరంగా పోవాలి, యాక్సిల్ కిందికి పోయినప్పుడు లాక్కోకుండా కాస్త వదులు ఉంచాలి. రెండు వైపులకూ వేర్వేరు వాల్వులు పెట్టమన్నాడు ఉస్తాద్. ఒకే వాల్వు పెట్టి రెంటినీ కలిపితే మలుపులో బరువు పడిన వైపు గాలి అవతలి వైపుకు పారిపోయి బండి ఇంకా ఒరుగుతుందట. తొట్టిలో స్పీకర్లు ఎత్తుగా పేర్చుకొని పోయే నాకు అది ముఖ్యమే.

ఇంకోటి. పంక్చరు అంగట్లో గాలి కొట్టించొద్దు. టైరులో పట్టే గాలి వేరు, ఈ చిన్న సంచిలో పట్టేది వేరు. కుర్రాడు అలవాటుగా ఒక్క నొక్కు నొక్కితే 30 పెరిగింది. మీటరు పెట్టి తీసినా రెండు మూడు పాయింట్లు పోతాయి. నేను కాలితో తొక్కే పంపు కొనుక్కొని సీటు కింద పెట్టుకున్నా.

అంతా బిగించాక 60 కొడితే లోడుతో సహా బండి 20కి వచ్చింది, ఖాళీ బండి ఎత్తుకు. టేపు చూసి చప్పట్లు కొట్టినంత పని చేశా. ఆ సాయంత్రమే ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కితే మూతి ముందుకు వాలింది, వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు అనిపించింది. కిందికి వచ్చేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. అప్పుడు గుర్తొచ్చింది, గాలి షాకబ్జర్లు ఉన్న రోజుల్లో కూడా ముందు బ్రేకు ప్యాడ్లు తొందరగా అరిగాయి. ఆ నెపం ఘాట్ మీద వేసి ఊరుకున్నా.

ఉస్తాద్ మళ్లీ కిందికి పిలిచాడు. ఈసారి చూపించింది వేలు మందం కూడా లేని కడ్డీ. ఒక కొస వెనక యాక్సిల్‌కు, ఇంకో కొస చాసీకి బిగించిన చిన్న వాల్వుకు. పట్టుకొని కాస్త ఎత్తి దించి చూపించాడు. బరువుకు బండి కిందికి దిగితే ఆ కడ్డీ వాల్వును తిప్పుతుంది, వెనక చక్రాలకు బ్రేకు ఒత్తిడి బాగా పోతుంది. ఖాళీ అయి బండి పైకి లేస్తే వాల్వు ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. ఖాళీ బండికి గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు పట్టేసి అడ్డం తిరగకుండా కంపెనీ వాళ్లు చేసిన ఏర్పాటు అది. దానికి బరువు తెలియదు, ఎత్తే తెలుసు. నేను గాలితో బండిని ఖాళీ ఎత్తుకు లేపితే, లోడంతా తొట్టిలో ఉండగానే అది బండి ఖాళీ అనుకొని వెనక బ్రేకు తగ్గించేసింది. ఘాట్‌లో, వెనక ట్రాలీతో. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

కడ్డీ కొలత మార్చేస్తే పోతుంది కదా అన్నా. "ఖాళీగా వచ్చే రోజు ఏం చేస్తావ్?" అన్నాడు ఉస్తాద్. నా దగ్గర జవాబు లేదు. కంపెనీ పెట్టిన కొలతను ఆయన ముట్టుకోలేదు. బండిని నిటారుగా నిలబెట్టాలన్న పట్టుదలే మానుకోమన్నాడు. రెండు అంగుళాలు కుంగనీ, 18 చాలు అన్నాడు. ఆ తర్వాత అడిగాడు, "ఇంతకీ ట్రాలీ ముక్కు ఎంత బరువుందబ్బా?"

ట్రాలీ ముందు కొస హుక్కు మీద మోపే ఆ బరువును ఇన్ని నెలల్లో నేను ఒక్కసారీ తూచలేదు.

తెలిసినాయన పసుపు మండీలో బస్తాలు తూచే కాటా ఉంది. మధ్యాహ్నం పని లేని వేళ ట్రాలీని అక్కడికి లాక్కుపోయి, ముక్కు కింద జాకీ చక్రాన్ని కాటా పలక మీద దించాం. 260 కిలోలు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద ట్రాలీ మొత్తం 1,340. అంటే వందకు పంతొమ్మిది పైన. అమెరికా వాళ్ల లెక్క ప్రకారం హుక్కు మీద పడేది ట్రాలీ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గితే ట్రాలీ తోక ఊపుతుంది, పెరిగితే బండి కూలబడుతుంది.

వేబ్రిడ్జి మీద ఇంకో పని కూడా చేశాం. మొదట బండి ముందు చక్రాలు మాత్రం ఎక్కించి, తర్వాత బండి మొత్తం ఎక్కించి ట్రాలీ చక్రాలు మాత్రం బయట ఉంచి తూచాం. ట్రాలీ లేకుండా బండి 2,830, అందులో ముందు 1,050. ట్రాలీ తగిలిస్తే మొత్తం 3,090, ముందు మాత్రం 950. హుక్కు మీద 260 పెడితే వెనక యాక్సిల్ మీద 360 పెరిగింది, ముందు చక్రాల మీద 100 తగ్గింది. హుక్కు వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంది కాబట్టి అది తక్కెడ మాదిరి పని చేస్తుంది. స్టీరింగు ఎందుకు తేలిక అయ్యిందో ఆ స్లిప్పు చూస్తే అర్థమైంది. నా ఆర్సీలో మొత్తం బరువు 2,950. తెలియకుండానే 140 కిలోలు ఎక్కువతో తిరుగుతున్నా. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000 నుంచి మొదలు, పైన టన్నుకు 2,000. గాలి ఎంత కొట్టినా ఆర్సీలో అంకె పెరగదు.

జనరేటర్ ఒక్కటే 950 కిలోలు. దాన్ని ట్రాలీ మీద తొమ్మిది అంగుళాలు వెనక్కి జరిపి, కొత్త రంధ్రాలు వేసి బిగించాం. నలుగురు మనుషులు, చెయిన్ బ్లాకు, రెండున్నర గంటలు. మళ్లీ మండీకి పోతే కాటా 170 చూపించింది, పన్నెండు శాతం పైన. కాటా ఆయన "దీనికి కూడా హమాలీ కూలి ఇస్తావా?" అని నవ్వాడు. ఆర్సీ అంకె కంటే ఇంకా 50 కిలోలు ఎక్కువ ఉంది కాబట్టి కేబుల్ చుట్టల్లో సగం, 80 కిలోల దాకా, పిల్లోళ్లు వచ్చే ఆటోలో వేసి పంపుతున్నా.

ఇప్పుడు లోడుతో 35 కొడితే 18 అంగుళాలు వస్తుంది. మొదట 60 కొట్టిన బండే ఇది. మొదటి రోజే మండీకి పోయి ఉంటే షాకబ్జర్ల డబ్బు మిగిలేదేమో. బెలూన్లు మాత్రం ఎటూ పనికొచ్చేవే, ఖాళీ తిరుగు ప్రయాణంలో వాటి సుఖం తెలుస్తోంది. ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోయే ముందు బెలూన్ల సంగతి రవాణా ఆఫీసులో అడిగి రావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే ఉంది, తీరా లైనులో నిలబడ్డాక వాదించుకోవడం నాకు ఇష్టం లేదు. ట్రాలీకి సొంత బ్రేకు పెట్టించడం ఇంకా బాకీ ఉంది.

పోయిన వారం రాయచోటి నుంచి వస్తూ అదే కోవా అంగడి దగ్గర ఆగా. లైట్లు చెట్టు మొదట్లో పడుతున్నాయి. ఎడమ బెలూను మాత్రం వారానికి నాలుగు పాయింట్లు దిగుతోంది. సబ్బు నీళ్లు పూసి చూసినా గొట్టంలో లీకు ఎక్కడా దొరకలేదు, వాల్వు పిన్ను మీదే నా అనుమానం. ఆదివారం మార్చి చూడాలి.