కమలాపురం నుంచి మరియాపురానికి, ఒక వందనం కోసం

మేం నడిచేది ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు సిద్ధపడే నాలుగు వారాల్లో, మూడో ఆదివారానికి ముందురోజు. మరుసటి ఉదయం ఊదా కొవ్వొత్తుల పక్కన గులాబీరంగుది వెలుగుతుంది, ఆనందించమని గుడి గుర్తుచేసే రోజు. శనివారం జపమాలలో ఎలాగూ సంతోష దేవరహస్యాలే, అంటే ధ్యానించుకునే అయిదు సంతోష ఘట్టాలు. అందులో రెండోది మరియమ్మ, గర్భిణిగా ఉన్న తన బంధువు ఎలీసబెతమ్మ ఇంటికి పోవడం. మా నడకంతా దాని కోసమే.

కమలాపురం నుంచి కడప మరియాపురం గుడికి సుమారు 25 కిలోమీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల లెక్కన తెల్లవారుజామున 4కు బయలుదేరితే, మూడుసార్లు ఆగినా మధ్యాహ్నానికి చేరతాం. ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడిపక్కన, ఒకరి వెనక ఒకరం. ముందొక టార్చి, చివరొక టార్చి. పాపాగ్ని వంతెన మీద మాత్రం పాటా జపమూ ఆపేస్తాం. సిమెంటు లారీలు వస్తుంటాయి, వెనక మనిషి కేక వినబడాలి.

చెడేది ఎప్పుడూ మొదటి గంటలోనే. చలికి ఉత్సాహమొచ్చి బిరబిరా నడుస్తారు, వల్లూరు దాటేసరికి పిక్కలు పట్టేస్తాయి. దానికి మందు జపమాలే. అయిదు దశకాలు (దశకానికి పది మంగళవార్త జపాలు) నిదానంగా చెబితే 20 నిమిషాలు, అంటే కిలోమీటరుకు కాస్త పైన. నడుస్తూ మంగళవార్త జపం ఆయాసం లేకుండా చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టే. కొత్త చెప్పులు వద్దు. వేళ్ల సందుల్లో కొబ్బరినూనె రాసి నూలు మేజోళ్లు వేసుకోవాలి. బొబ్బ లేస్తే చిదమకుండా మెత్తటి గుడ్డ చుట్టాలి. మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. దారిలో ఉగ్గాని తినొచ్చు, దాంతో ఇచ్చే మిరపకాయ బజ్జీ మాత్రం తిరిగొచ్చేటప్పుడు తినండి. ఎండలో గుండెమంట పెడుతుంది.

వల్లూరు దగ్గర కూర్చున్నప్పుడు లూకా సువార్త మొదటి అధ్యాయం చదువుతాం. మరియమ్మ ప్రయాణం మొదలయ్యే 39వ వచనం నుంచి కాదు, మొదటి నుంచి. అక్కడే ఈ కథ మాకు కొత్తగా దొరికింది. ఎలీసబెతు భర్త జెకర్యాకు నోరు పడిపోయింది. ఎలీసబెతు అయిదు నెలలు ఎవరికంటా పడకుండా ఉంది. అంటే అది ఎన్నో నెలలుగా మొగుడి గొంతు వినబడని ఇల్లు. ఆ గడపలోకి నజరేతు నుంచి వంద కిలోమీటర్లకు పైగా దారి నడిచొచ్చిన పిల్ల అడుగుపెట్టి, లూకా మాటల్లోనే, 'వందనము చేసెను'. అది విన్నాక ఎలీసబెతు కడుపులో బిడ్డ గంతులు వేశాడు. దేవదూత మాటకు కాదు, అద్భుతానికి కాదు, ఒక పలకరింపుకు! రోజూ గుడి గేటు దగ్గర చెప్పులు విడుస్తూ, మొహం చూడకుండా మనం అనేసే 'వందనాలు' కూడా ఆ మాటే కదా.

అందుకే చేరాక నేరుగా లోపలికి పోం. బస్సుల్లో వచ్చిన పెద్దవాళ్లు, గర్భిణులు గుమ్మం లోపల నిలబడతారు. నడిచినవాళ్లు బయట. ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆగి, కళ్లలోకి చూసి, నిండు గొంతుతో 'వందనాలమ్మా', 'వందనాలు పెద్దాయనా' అంటారు. అవతలివాళ్లు జవాబిచ్చేదాకా తర్వాతి మనిషి కదలకూడదు. 40 మంది ఉంటే అరగంట పడుతుంది. దీన్ని తొందరపెట్టొద్దు. దారి పొడవునా దాచుకొచ్చిన ఊపిరి ఇక్కడ ఖర్చు పెట్టడానికే. ముసలమ్మల మొహాలు విప్పారడం ఎదురుగా చూస్తాం.

మరియమ్మ వెంటనే తిరిగి పోలేదు, ఇంచుమించు మూడు నెలలుంది. నిండు నెలల మనిషికి నీళ్లు తోడాలి, పిండి విసరాలి కదా. మేమూ ఆ సాయంత్రం బస్సెక్కం. కాళ్లు గోరువెచ్చని ఉప్పునీళ్లలో పావుగంట నానబెట్టి, తుడిచి, గుడి ఊడ్చి, గులాబీరంగు కొవ్వొత్తి వత్తి సరిచేసి పెట్టి పడుకుంటాం.